తడి చెప్పే చెయ్యి

దొరువులపాళెంలో ఆదిశేషమ్మ మాట లేనిదే దొరువులో కడవ మునిగేది కాదు. గొప్పకు చెబుతున్న మాట కాదిది, ఆ ఊరి పద్ధతే అంత. నెల్లూరు జిల్లా కోట ఊరికి తూర్పున, సముద్రపు హోరు పగలంతా వినిపించే ఇసుక నేల ఆ ఊరిది. ఇసుకలో నిలువు లోతు గుంట తవ్వితే తియ్యటి నీళ్లు ఊరతాయి. దాన్నే దొరువు అంటారు. పైన ఆ మంచినీళ్లు, కింద కాచుకొని ఉప్పునీళ్లు. అవసరానికి మించి తోడితే ఉప్పు పైకి ఎక్కుతుంది. ఒకసారి ఎక్కిందంటే మళ్లీ వానలు పడేదాకా ఆ నీళ్లు పశువులు కూడా ముట్టవు. అందుకని మిరపతోటకు నీళ్లు పొయ్యాలా వద్దా అన్నది తోట గలవాడి ఇష్టానికి వదిలేసే సంగతి కాదు. మొక్క మొదట్లో జానెడు లోతు నుంచి గుప్పెడు ఇసుక తీసి, పిసికి చూసి, తడి ఉందో ఆరిందో చెప్పే చెయ్యి ఒకటి ఊరికి కావాలి. ఆ చెయ్యి ఆదిశేషమ్మది.

పెళ్లయి ఆ ఊరికి వచ్చిన కొత్తలో అత్తగారు కోడళ్లందరినీ వరసగా కూర్చోబెట్టి కళ్లు మూసుకోమనేది. అరచేతిలో ఇసుక పోసి, ఇది నీళ్లు పోసిన మడిదా పొయ్యని మడిదా అని అడిగేది. తోడికోడళ్లు తడబడేవాళ్లు, నవ్వేవాళ్లు, ఒకామె అయితే ఏది అడిగినా తడే అనేది. ఆదిశేషమ్మ మాత్రం ఎప్పుడూ తప్పు చెప్పలేదు. అత్తగారు పోయాక ఆ పని ఈమెకు వచ్చింది. ఊళ్లో మునసబుకు ఎంత మర్యాదో ఈమెకూ అంతే. మునసబుకు సర్కారు జీతం, ఈమెకు తోటకొక బుట్ట మిరపకాయలు, తేడా అక్కడే.

ఒక మనిషికి ఒక్క విద్య వచ్చి, అది చుట్టుపక్కల ఇంకెవరికీ రాకపోతే ఏమవుతుందో అదే అయింది. ఆమెకు అది కాస్త తలకెక్కింది. తెల్లవారి తోటల్లోకి వచ్చేటప్పుడు ఆమె నడక చూడాలి. ఆడవాళ్లు కడవలు పక్కన పెట్టుకొని గట్టు మీద కూర్చొని ఉంటే, ఈమె తాపీగా వంగి, తాపీగా ఇసుక తీసి, ఎటో చూస్తూ పిసికి, "ఈ పొద్దు అక్కర్లా, పోండి" అనేది. ఎవరైనా "ఆరినట్టుండాదే అక్కా" అని గొణిగితే, "నీ చెయ్యి గరిటె పట్టేదానికి, నా చెయ్యి మన్ను పట్టేదానికి" అని నోరు మూయించేది. మొగుడు పోయి చాలా ఏళ్లయింది. కొడుకు సరుగుడు కట్టెల బండి తోలుతూ నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఇంట్లో ఆమె, కోడలు చెంచమ్మ. ఆమె గర్వమంతా ఆ అరచేతిలోనే ఉండేది.

అలాంటి చెయ్యి పందొమ్మిదివందల అరవై ఒకటి ప్రాంతంలో మొద్దుబారడం మొదలుపెట్టింది. మొదట వేళ్ల కొసల్లో చీమలు పాకినట్టుండేది. తర్వాత చీమలు కూడా పోయాయి. ఏది పట్టుకున్నా ఒకటే చల్లదనం. గుడ్డ పట్టుకున్నా, పిడక పట్టుకున్నా, తడి దేనిదో తగిలినట్టే ఉండేది. ఒకరోజు పొయ్యి మీద నుంచి గంజికుండ దించి, చర్మం కమిలిన వాసన వస్తే ఏం మాడిందా అని చుట్టూ చూసింది. మాడింది తన వేళ్లే. బొబ్బలు లేచి ఉన్నాయి, నొప్పి మాత్రం లేదు.

నొప్పి లేకపోవడమే ఆమెను భయపెట్టింది. ఎందుకంటే ఆమెకు ముత్యాలయ్య గుర్తొచ్చాడు.

ముత్యాలయ్య పక్క వీధి మనిషి. ఒకప్పుడు అతనికీ ఇలాగే కాలు మొద్దుబారింది. నిప్పు తొక్కి కూడా తెలుసుకోలేకపోయాడు. పెద్దరోగం, అంటే కుష్ఠు, అన్నారు. ఊరంతా కలిసి అతన్ని ఊరవతల ఇసుక దిబ్బ మీద గుడిసెలో పెట్టారు. అన్నం దూరంగా పెట్టి వచ్చేవాళ్లు. ఒకరోజు దాహానికి ఆగలేక కుండ పట్టుకొని దొరువు దాకా వచ్చాడు. గట్టు మీద నిలబడింది ఆదిశేషమ్మే. "ముత్యాలయ్యా, గట్టెక్కబాక. కుండ ఆడ పెట్టి ఎనక్కి పో, నేను పోస్తా" అంది. ఆ మాట గట్టిగానే అంది, అందరూ వినేలా అంది, మంచి పని చేశానని కూడా అనుకుంది. ముత్యాలయ్య కుండ కింద పెట్టి, ఆమె ముఖంలోకి చూసి, వెనక్కి నడిచాడు. ఆ ఎండాకాలం పోయేసరికి గుడిసె ఖాళీగా ఉంది. ఎక్కడికి వెళ్లాడని ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు.

ఇప్పుడు తన వేళ్లు చూసుకుంటే ఆ చూపు గుర్తొచ్చేది. సంగతి తెలిస్తే రేపు తన కుండ కూడా గట్టు కిందే పెట్టాలి. ఆమె బొబ్బలకు పసుపు రాసి, చెయ్యి పైట కింద దాచుకుంది. ఆ రోజు నుంచి ఆ చేతికి పైటే ఇల్లయింది.

మరి తడి ఎట్లా చెప్పేది? దానికీ ఉపాయం దొరికింది. చెంచమ్మను వెంట పెట్టుకొని పోవడం మొదలుపెట్టింది. "నా తరవాత నువ్వే కదే, నేర్చుకోబళ్లా" అని కోడలి చేతిలో ఇసుక పోసేది. "చెప్పు, ఎట్టుండాది?" అని అడిగేది. చెంచమ్మ భయపడుతూ, "ఆరింది అనుకుంటా అత్తా" అంటే, ఆదిశేషమ్మ కాసేపు ఆలోచించినట్టు నటించి, "ఊఁ, ఫరవాలేదు, నేర్చుకుంటా ఉండావు" అని, ఆడవాళ్ల వైపు తిరిగి, "పోయండమ్మా నీళ్లు" అని కేకేసేది. కోడలి చెయ్యి, అత్త పేరు. కోడలికి విద్య నేర్పుతున్న అత్త అని ఊళ్లో మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పు వింటుంటే ఆమెకు సిగ్గేసేది, కానీ కాదనేది కాదు.

ఆ మరుసటేడు జయకుమార్ వచ్చాడు. సర్కారు వ్యవసాయం పనిలో కొత్తగా చేరిన కుర్రవాడు, సన్నగా, నల్లగా, సైకిలు వెనక ఒక పెట్టె కట్టుకొని వచ్చాడు. పద్మనాభయ్య మిరపతోటలో నేల తడిని కొలిచే యంత్రం పెట్టాలని పైనుంచి ఉత్తర్వు. పద్మనాభయ్య ఊళ్లో మోతుబరి, మంచివాడే కానీ మాట తొందర. ఎరువు బస్తాలు ఊరికే ఇస్తారంటే సరేనన్నాడు. ఒక్కటే షరతు. ఈ పంటకు ఆ తోటలో యంత్రం చెప్పినప్పుడే నీళ్లు పొయ్యాలి, మనుషుల మాట మీద పొయ్యకూడదు.

యంత్రమంటే ఏదో ఇంజను వస్తుందని ఊరంతా కదిలింది. తీరా చూస్తే సుద్దముక్కల్లాంటి తెల్ల బిళ్లలు. ఒక్కో బిళ్లకు రెండు తీగలు. జయకుమార్ వాటిని నీళ్లలో నానబెట్టి, మొక్కల వేళ్ల లోతున పాతిపెట్టి, తీగల కొసలు పైకి తీసి పుల్లలకు కట్టాడు. ఆ కొసలకు పెట్టె తగిలిస్తే, పెట్టె మీద అద్దం కింద సూది కదులుతుంది. నేలలో తడి ఉంటే బిళ్ల తడుస్తుంది, కరెంటు సులువుగా పారుతుంది, సూది పైకి లేస్తుంది. నేల ఆరితే సూది కిందికి దిగుతుంది. ఎంత దిగితే నీళ్లు పొయ్యాలో గుర్తుగా అద్దం మీద ఎర్రకాగితం పీలిక అంటించాడు. ఆడవాళ్లు పైట కొంగులు నోట్లో కుక్కుకొని నవ్వారు. "ఆదెమ్మక్కకు సవితి వొచ్చింది" అంది ఒకామె. ఆదిశేషమ్మ కూడా నవ్వింది, కానీ ఆ మాట ఆమెకు గుచ్చుకుంది.

కుర్రవాడు మర్యాదస్తుడు. ఊళ్లోవాళ్లు అతనితో అంత మర్యాదగా ఏమీ లేరు. వచ్చిన రోజే ఇంటిపేరు అడిగారు, తల్లి రెబెక్కమ్మ నెల్లూరులో పెద్దరోగం చూసే ఆసుపత్రిలో ఆయా అని తెలుసుకున్నారు, అంతటితో కులం కూడా తెలిసిపోయింది. పద్మనాభయ్య అతన్ని అరుగు దాటి లోపలికి రమ్మనలేదు. మంచినీళ్లడిగితే దోసిట్లో పోశారు. అతను అదేమీ పట్టనట్టు తాగి, మూతి తుడుచుకొని, పనిలో పడ్డాడు. ఆదిశేషమ్మ సంగతి విన్నాక మాత్రం నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు. "పెద్దమ్మా, మీ చెయ్యి గురించి అందరూ చెబుతున్నారు. నా పెట్టె పొరపాటు పడితే మీరే దిద్దాలి" అన్నాడు. తన సామాను తప్పు చెప్పొచ్చని తానే ముందు చెప్పుకునే మనిషిని ఆమె అంతకుముందు చూడలేదు.

కొన్నాళ్లు అంతా బాగానే జరిగింది. పద్మనాభయ్య తోటలో సూది చెప్పినప్పుడు నీళ్లు పోశారు. మిగతా తోటల్లో చెంచమ్మ చేతిని బట్టి ఆదిశేషమ్మ చెప్పినప్పుడు పోశారు. రెండూ ఇంచుమించు ఒకే రోజుల్లో పడుతుండేవి. మిరప బాగా ఎదిగి, తెల్లటి పూత పట్టింది. ఆ పూత సమయంలోనే చెంచమ్మ తల్లికి జబ్బు చేసి, చెంచమ్మ పుట్టింటికి పోయింది.

ఆమె పోయిన మర్నాడు జయకుమార్ ఆదిశేషమ్మ ఇంటి ముందు సైకిలు దిగాడు. "పెద్దమ్మా, ఒక్కసారి తోటలోకి రావాలి" అన్నాడు. పద్మనాభయ్య ఏదో పని మీద కోటకు పోయాడు. తోటలో వాళ్లిద్దరే. ముందురోజు సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. పైన ఇసుక తడిగా కనబడుతోంది. అయినా సూది ఎర్రకాగితానికి కిందికి దిగి ఉంది.

"చూడండి, చినుకు పడినా ఇది పొడి అంటోంది. లోపల నిజంగానే ఆరిందా, లేక నా బిళ్లల్లో తప్పా తెలియడం లేదు. ఇసుకలో బిళ్ల చుట్టూ మట్టి గట్టిగా అంటుకోదు. మధ్యలో సందు వస్తే నేలలో తడి ఉన్నా బిళ్లకు అందదు. అప్పుడిది పొడి అని అబద్ధం చెబుతుంది. మట్టిని తూచి, ఎండబెట్టి, మళ్లీ తూస్తే నిజం తేలుతుంది. కానీ పట్నం పంపితే అక్కణ్ణుంచి జవాబు వచ్చేసరికి పంటే అయిపోతుంది. అందుకని మీ చేతిని అడుగుతున్నా" అన్నాడు.

వంగి, బిళ్ల పక్కనే లోతుగా తవ్వి, గుప్పెడు ఇసుక తీసి ఆమె అరచేతిలో పోశాడు. ఆ ఊళ్లో అతని చేతి నుంచి నేరుగా చేతిలోకి ఏదైనా తీసుకున్నది ఆమె ఒక్కతే. అది అతను గమనించాడు. అతని ముఖం వెలిగింది.

ఆదిశేషమ్మ పిసికింది. ఏమీ తెలియలేదు. ఎప్పుడూ ఉండే చల్లదనమే తెలిసింది. ఇసుకా, గాలా, తన చర్మమా అన్నది కూడా తెలియలేదు. పక్కన కోడలు లేదు. ఎదురుగా ఆ కుర్రవాడు ఆమె పెదవుల వైపే చూస్తున్నాడు. తెలియడం లేదు నాయనా అంటే ఒక్క మాటతో పోయేది. పోనీ, ఆరింది అన్నా సరిపోయేది, సూది చెప్పిందీ అదే. కానీ ఆ మాట అంటే సూదీ తనూ ఒకటే అవుతారు. సూది ఉండగా ఇక తనెందుకు అనిపిస్తుంది అందరికీ. ఆమెకు సవితి మాట గుర్తొచ్చింది.

"తడే" అంది.

"బాగా ఉందా పెద్దమ్మా? ఇంకా కొన్నాళ్లు ఆగొచ్చా?"

"ఆగొచ్చు. నా చెయ్యి అబద్ధం చెప్పదబ్బయా."

చెయ్యి అబద్ధం చెప్పలేదు, నిజమే. చెప్పింది నోరు. జయకుమార్ తనూ కొంచెం ఇసుక తీసి వేళ్ల మధ్య నలిపి చూశాడు. "నాకైతే పొడిగానే ఉన్నట్టుంది, మా చేతులకేం తెలుస్తుందిలెండి" అని నవ్వాడు. అద్దం మీది ఎర్రకాగితం గోటితో పీకి, బాగా కిందికి జరిపి అంటించాడు. ఇక సూది అక్కడిదాకా దిగితేగానీ ఆ తోటకు నీళ్లు లేవు. ఆమె అది చూస్తూ నిలబడింది.

ఆ వారమే పడమటి గాలి మొదలైంది. మిగతా తోటల్లో ఆదిశేషమ్మ ఏం చేసిందో తెలుసా? పిసకడం మానేసి, రోజూ "పోయండి, పోయండి" అంది. తప్పైతే నీళ్లు ఎక్కువైన తప్పే కావాలని ఆమె లెక్క. దొరువు ఉప్పెక్కుతుందేమోనని ఆడవాళ్లు సణుగుతూనే పోశారు. పద్మనాభయ్య తోటలో మాత్రం సూది కొత్త గుర్తు దాకా రాలేదు. మధ్యాహ్నానికి మొక్కలు తలలు వేలాడేసేవి. మిరప ఎండకు వాలి పొద్దుగూకే వేళకు లేవడం మామూలే కాబట్టి మొదట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత సాయంత్రానికి కూడా లేవలేదు. పద్మనాభయ్య పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, ఒక్కసారి నువ్వు వొచ్చి చెయ్యి పెట్టి చూడు. నాకు భయంగా ఉండాది."

"నన్నెందుకు అడుగుతావు? మిషను మాటే వింటానని సర్కారోళ్లకు చెప్పినావు గదా. దాన్నే అడుగు" అంది ఆదిశేషమ్మ, ముఖం తిప్పుకొని. అంత నీచమైన మాట తన నోటి నుంచి అంత సులువుగా ఎట్లా వచ్చిందో ఆమెకు తర్వాత ఎన్నేళ్లకూ అర్థం కాలేదు.

ఒక పొద్దున లేచి చూసేసరికి పూత రాలిపోయి ఉంది. మొక్కల కింద ఇసుకంతా తెల్లగా ఉంది. నీళ్లు కడవల కొద్దీ పోశారు, మొక్కలు బతికాయి, కానీ రాలిన పూత తిరిగి రాలేదు. పద్మనాభయ్య తోటలో కూర్చొని తల బాదుకున్నాడు.

పై అధికారి జీపులో వచ్చాడు. ఊరు ఊరంతా గుమిగూడింది. ఆదిశేషమ్మ కూడా వచ్చి, వెనక వరసలో, చెయ్యి పైట కింద పెట్టుకొని నిలబడింది. అధికారి పెట్టె చూసి, అద్దం మీది కాగితం చూసి, "ఈ గుర్తు ఇక్కడికి ఎందుకు వచ్చింది? ఎవరినడిగి మార్చావు?" అన్నాడు.

జయకుమార్ తల ఎత్తాడు. గుంపులో ఆమె ఎక్కడుందో అతనికి కనబడింది.  ఇప్పుడు చెబుతాడు, చెప్పనీ అనుకుంది ఆదిశేషమ్మ. చెబితే బాగుండునని కూడా ఒక క్షణం కోరుకుంది.

"నేనే మార్చానండి. ఇసుకలో బిళ్లలు సరిగా అంటుకోక తప్పు చూపుతున్నాయని నేనే అనుకున్నాను. తప్పు నాది" అన్నాడు.

అధికారి అందరి ముందూ అతన్ని తిట్టాడు. ఆ తిట్లలో చదువు వచ్చింది, పుట్టుక వచ్చింది. గుంపులో కొందరు నవ్వారు కూడా. ఆదిశేషమ్మ నోరు తెరవలేదు. తెరవాలనుకుంది, కాళ్లు కూడా ఒక అడుగు ముందుకు పడ్డాయి. అంతలో ఇసుక దిబ్బ మీది ఖాళీ గుడిసె జాగా కనబడింది, కాళ్లు అక్కడే ఆగాయి.

బిళ్లలు తవ్వి తీసేశారు. జయకుమార్‌ను ఆ పని నుంచి తప్పించి, ఎక్కడో గోదాములో పురుగుమందు డబ్బాల దగ్గర వేశారు. ఊళ్లో మాత్రం ఆదిశేషమ్మకు పండగ చేశారు. పద్మనాభయ్య నలుగురిలో నిలబడి, "సుద్దముక్కకేం తెలుసు? మా అక్క చెయ్యి ఉండగా బుద్ధి లేక మిషను పెట్టించుకున్నా" అన్నాడు. సవితి అన్న ఆమే వచ్చి బుగ్గలు పుణికింది. ఆదిశేషమ్మకు ఆ పొగడ్తలు వింటుంటే ఒంటి మీద ఎవరో ఉమ్మినట్టుండేది. అయినా తల ఊపుతూ నిలబడింది.

జయకుమార్ వెళ్లేముందు ఆమె ఇంటికి వచ్చాడు. ఆమె గడప ముందు కూర్చొని ఉంది. అంతకుముందు రోజే మళ్లీ వేళ్లు కాల్చుకుంది, పచ్చి పుండు, పైన పసుపు.

"పోయొస్తా పెద్దమ్మా. మీరేం మనసులో పెట్టుకోకండి. మీరు చెప్పింది నిజమే అయ్యుంటుంది. ఆ ఒక్క చోట తడి ఉండొచ్చు, తోటంతా అట్లాగే ఉందనుకోవడం నా తప్పు. మీ చేతిని మాత్రం నేను మరిచిపోను" అని వంగి, ఆ చేతిని కళ్లకద్దుకోవడానికి తన చేతులు చాపాడు.

ఆమె గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కొని పైటలో దాచుకుంది. పుండు చూస్తాడని భయం. రోగం అంటుకుంటుందని కూడా భయం. అతని చేతులు గాల్లోనే ఉండిపోయాయి. తర్వాత నెమ్మదిగా దించుకున్నాడు.

"తప్పేలెండి, మరిచిపోయాను" అన్నాడు. నవ్వడానికి చూశాడు గానీ నవ్వు రాలేదు. దూరం జరిగి, అక్కణ్ణుంచే దండం పెట్టి, సైకిలెక్కాడు.

అతను ఏమనుకున్నాడో ఆమెకు సైకిలు మలుపు తిరిగాక అర్థమైంది. తన కులం చూసి చెయ్యి తీసుకుందనుకున్నాడు. ఆమె లేచి, "నాయనా" అని పిలిచింది. ఆ పిలుపు గాలికి ఆమెకే సరిగా వినబడలేదు.

ఆ తర్వాత ఆమె మనిషి మారిపోయింది. తడి చెప్పే పని పూర్తిగా కోడలికి వదిలేసి, కళ్లు కనబడటం లేదని చెప్పింది. అదీ అబద్ధమే. నోరు తగ్గింది, నడకలో తాపీ పోయింది. ఇసుక దిబ్బ వైపు చూడాల్సి వస్తే చుట్టూ తిరిగి పోయేది. కొన్నేళ్లు అట్లా గడిచాయి. చెంచమ్మకు కొడుకు పుట్టాడు. ఆదిశేషమ్మ బిడ్డను ఎత్తుకోలేదు. దూరంగా కూర్చొని చూసేది. చెంచమ్మ కొన్నాళ్లు ఓర్చుకొని, చివరికి ఏడ్చింది. "నా బిడ్డ నీకేం అపకారం చేసినాడత్తా? ఒక్కసారైనా ముట్టుకోవేంది?" అంది.

ఆ ఏడుపు ఆమెను కదిలించింది. నెల్లూరు బస్సెక్కింది. ఆ ఆసుపత్రి పేరు ఆమెకు తెలియదు, రెబెక్కమ్మ ఆయాగా ఉండే చోటని మాత్రమే తెలుసు. అడుగుతూ అడుగుతూ చేరింది. సంగతి ఊరికి పొక్కకూడదని, చీటీ రాసేచోట పేరు పేరమ్మ అని, ఊరు బోగోలు అని చెప్పింది.

డాక్టరు ఆమెను కళ్లు మూసుకోమన్నాడు. "ఎక్కడ గుచ్చుతున్నానో చెప్పమ్మా" అన్నాడు. కళ్లు మూసుకొని చెయ్యి చాపి కూర్చుంటే ఆమెకు అత్తగారు గుర్తొచ్చింది, నవ్విన తోడికోడళ్లు గుర్తొచ్చారు. ఎక్కడో చెప్పలేకపోయింది. ఊరికే ఒక మాట అని చూసింది, అది తప్పు. కళ్లు తెరిచేసరికి వేలి కొసన రక్తపు బొట్టు ఉంది.

"పెద్దరోగం కాదు. కడవలు మోసి మోసి మెడలో నరం నలిగింది. ఇది ఎవరికీ అంటదు" అన్నాడు డాక్టరు.

పక్కనున్న ముసలి ఆయా ఆమె చేతిని తన చేతిలోకి తీసుకొని దూదితో రక్తం తుడిచింది. "దేవుడు చల్లగా చూసినాడు. ఇంకేం భయం లేదు, ఇంటికి పోయి పిలకాయల్ని ఎత్తుకో" అంది. ఆదిశేషమ్మకు ప్రాణం లేచి రావాల్సింది. రాలేదు. ఆ రోగమే అయ్యుంటే, భయపడినందుకు ఒక కారణమైనా మిగిలేది.

"మా పిలగాడు కూడా నీ మాదిరి మన్ను పనోళ్ల మధ్య తిరిగినాడులే" అంటూ ఆయా మాట కలిపింది. "కోట పక్కన ఒక ఊళ్లో మిషను పెట్టి చెడ్డపేరు తెచ్చుకున్నాడు. ఇసకలో మిషన్లు పనికిరావు, మనుషుల చెయ్యే నిజమని ఇప్పటికీ అందరికీ చెప్తాడు. ఆడ ఒక పెద్దమ్మ ఉండేదంట. ఆమె అంటే వాడికి దేవత. ఒక్కటే బాధ వాడికి. పోయేటప్పుడు దండం పెడదామంటే ఆమె చెయ్యి ఎనక్కి తీసుకునిందంట. అమ్మా, చేతిలో మన్ను పోస్తే తీసుకునింది, చెయ్యి మాత్రం ఇయ్యలా అన్నాడు."

ఆదిశేషమ్మ తన చెయ్యి వైపు చూసింది. అది ఇంకా రెబెక్కమ్మ చేతిలోనే ఉంది.

"ఆ చెయ్యి ఇదేనమ్మా" అంది.

రెబెక్కమ్మ తుడవడం ఆపింది. చేతిలోని దూదిని, వేలి మీద మళ్లీ ఊరుతున్న బొట్టును చూసింది.

"అప్పటికే ఇట్టా ఉండిందా?"

"ఉండింది."

"మా వాడికి తెలుసా?"

"తెల్దు. తెలియనీలా."

జీవితమంతా ఎవరూ ముట్టని చేతులు పట్టుకున్న మనిషి రెబెక్కమ్మ. ఆ చేతిని తీసి బల్ల మీద పెట్టి, లేచింది. "ఆదివారం వొస్తాడు. నువ్వే చెప్పుకో" అని అవతలి వార్డులోకి వెళ్లిపోయింది.

ఆదిశేషమ్మ ఊరికి పోలేదు. ఆసుపత్రి వరండాలో కొంగు పరుచుకొని ఆదివారం దాకా ఉంది. సైకిలు గేటు దాటి రావడం చూసి లేచింది. జయకుమార్ ఆమెను వెంటనే గుర్తుపట్టాడు. ముఖం విప్పారింది. గబగబా వచ్చి, దగ్గరికి రాకముందే, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు. అంత దూరంలోనే నిలబడి చేతులు జోడించాడు.

"బాగున్నారా పెద్దమ్మా?"

ఆదిశేషమ్మ పైట కింద నుంచి చెయ్యి తీసి అతని వైపు చాపింది. అతను ఆ చేతిని చూశాడు, పట్టుకోవచ్చో లేదో తెలియక అట్లాగే నిలబడ్డాడు.

"పట్టుకో నాయనా" అంది ఆమె. "నువ్వు పట్టుకున్నా నాకు తెలవదు. అదే నీకు చెప్పల్లని వొచ్చినా."